ఎన్నుకునేవాళ్ళలో ఒకదాన్ని

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. నేను చెప్పకపోయినా ఈ పరాయి దేశంలో, మా టార్నీట్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలిసిన సంగతే. రైలు స్టేషన్ చుట్టూ గడ్డి తప్ప ఇంకేమీ లేనప్పుడు మేమీ ఊరొచ్చాం. ఎవరింట్లో నీళ్ళ పైపు పగిలినా, ఎవరి అత్తగారు ఎయిర్‌పోర్టులో పచ్చళ్ళతో పట్టుబడినా ఫోను నాకే వచ్చేది. ఆ తర్వాత ఎన్నాళ్ళకో మా మరిది పెళ్ళి చేసుకుని హైదరాబాద్ నుంచి దాన్ని తీసుకొచ్చాడు. వచ్చి ఆరు నెలలు తిరక్కముందే "మీ చెల్లి రాలేదా?" అని నన్ను అడగడం మొదలుపెట్టారు జనం. ఎక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న. నేను నిండుగా ఎదురుగా నిలబడి ఉంటే, నా భుజం మీదుగా వెనక్కి చూసి మరీ అడిగేవాళ్ళు.

తను హాస్పిటల్లో ఫిజియోథెరపిస్టు. నేను చైల్డ్‌కేర్‌లో పనిచేస్తాను. తనది ముసలివాళ్ళ మోకాళ్ళు, నాది చంటిపిల్లల ముక్కులు. అందులో ఎక్కువా తక్కువా ఏముంది అని నాకు నేను చెప్పుకుంటాను గానీ, మైకు దగ్గరికి పిలిచేటప్పుడు మాత్రం తననే పిలుస్తారు. కౌన్సిలర్ వస్తే ఎదురెళ్ళి గలగలా మాట్లాడేది తనే. ఇద్దరి ఇళ్ళూ ఒకే బిల్డరు కట్టాడు. వాళ్ళ ఇంటి వెనక కప్పున్న వసారాలో, అదే ఆల్‌ఫ్రెస్కోలో, కూర్చున్నవాళ్ళు "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అంటారు. మా ఇంటికీ ఉంది ఆల్‌ఫ్రెస్కో. అందులో మా ఆయన పాత ఫ్రిజ్జూ, గాలి పోయిన సైకిళ్ళూ పెట్టుకున్నారు.

ఇవన్నీ సరే, ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. ఆదివారం తెలుగు బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించేది నేను. నా కొడుకుని తెలుగులో పిలిస్తే "యా మమ్, ఇన్ ఎ మినిట్" అంటాడు. దాని కూతురు మాత్రం "పెద్దమ్మా, కాళ్ళు కడుక్కునొస్తా" అంటుంది. ఆ పిల్లకీ నేర్పింది నేనే. నేను చెప్పిన చదువు నా ఇంట్లో అంటకుండా పోయి దాని ఇంట్లో అంటుకుంది. ఎవరితో చెప్పుకోను?

ఇలా ఉండగా మా తెలుగు సంఘానికి ప్రెసిడెంటుని ఎన్నుకునే కాలం వచ్చింది.

మా సంఘంలో ఒకప్పుడు సభ్యులందరూ నేరుగా ప్రెసిడెంటుకి ఓటేసేవాళ్ళు. ఓట్ల రోజున ఎక్కడెక్కడి యూనివర్సిటీ కుర్రాళ్ళనో కార్లలో తోలుకొచ్చి, అప్పటికప్పుడు మెంబర్లుగా చేర్చి, బిర్యానీ పెట్టి, ఓటేయించి పంపించేవాళ్ళు. ఒకసారి హాలు ముందర పార్కింగ్‌లో ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకున్నారు. ఇక మీకు హాలు ఇవ్వమని కౌన్సిల్‌వాళ్ళు కబురుపెట్టారు. అప్పుడు మా పక్కనే వెర్రిబీలో ఉండే అంకుల్ ఒకాయన నిబంధనలు తిరగరాశారు. ఆయన ఇక్కడికి రాకముందు అమెరికాలో చాలాకాలం ఉన్నారు. అక్కడ దేశాధ్యక్షుణ్ణి తేల్చేది జనం కాదట, రాష్ట్రానికి ఇంతమందని నియమించిన ఎలక్టర్లట. ఆ ఎలక్టర్లు ఓటేస్తేనే ప్రెసిడెంటు అవుతాడట. మనమూ అదే పెట్టుకుందాం, ఎవరూ ఎవర్నీ తోలుకురానక్కర్లేదు అన్నారాయన. టార్నీట్‌కి ముగ్గురు, వెర్రిబీకి ముగ్గురు, పాయింట్ కుక్‌కి ముగ్గురు. ఎక్కడివాళ్ళని అక్కడి పెద్దలు నియమిస్తారు. ఆ తొమ్మిదిమందీ ఒక గదిలో కూర్చుని ప్రెసిడెంటుని తేలుస్తారు. ఈ నిబంధనలు చదివి వినిపించిన రోజున నేను హాలు వెనక వంటగదిలో సమోసాలు వేడిచేస్తున్నాను. బయట చప్పట్లు వినబడితే చేతులు తుడుచుకుని నేనూ కొట్టాను. అంతే నాకు తెలిసింది.

ఈసారి ఆడవాళ్ళకి ఇద్దాం అనే మాట ఉగాది నుంచే నలుగుతోంది. ఆడవాళ్ళంటే ఎవరు? ఇన్నేళ్ళు హాలు తాళాల కోసం తిరిగిందెవరు, బతుకమ్మకి పూలు దొరక్కపోతే ఫామ్‌ల వెంట పడి కోయించుకొచ్చిందెవరు, మైకు పనిచెయ్యకపోతే తిట్లు తిన్నదెవరు? నేనే. అడగకుండానే వస్తుందని కూర్చున్నాను. ఒక శనివారం పొద్దున మా టార్నీట్ పెద్దాయన ఆంటీని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. సిడ్నీ వెళ్ళొచ్చారట, అక్కడ మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్క్ నుంచి కాజూ కత్లీ పెట్టె తెచ్చారు. కాఫీ తాగాక గొంతు సవరించుకుని, "అమ్మా, టార్నీట్ తరఫున ఎలక్టర్‌గా నీ పేరు పెడదామనుకుంటున్నాం. నీకిష్టమేనా?" అన్నారు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఎందుకో చెప్పాలంటే మా బాబాయి సంగతి చెప్పాలి. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా బాబాయి ఎంపీటీసీగా గెలిచాడు. మా వైపు పద్ధతేంటంటే, గెలిచిన ఎంపీటీసీలంతా మండలాఫీసులో కూర్చుని వాళ్ళలోంచే ఒకర్ని మండలాధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. బయటివాళ్ళని ఎన్నుకోవడం ఉండదు. నలుగురిలో కూర్చున్నవాడే లేచి కుర్చీ ఎక్కుతాడు. మా బాబాయి అట్లాగే ఎక్కాడు. పరోక్ష ఎన్నిక అంటే నాకు తెలిసిందల్లా అదే. ముందు ఆ తొమ్మిదిలో ఉండాలి, తర్వాత ఆ తొమ్మిదిలోంచి లేవాలి. అందుకని అంకుల్ నోటి మాట పూర్తికాకముందే "తప్పకుండా అంకుల్" అన్నాను. అని ఊరుకున్నానా, "మరి మా చెల్లి?" అని కూపీ లాగాను. "తనని ఎలక్టర్‌గా వద్దనుకున్నామమ్మా" అన్నారాయన. ఆ పూట నేను నేల మీద నడవలేదంటే నమ్మండి. తొమ్మిదిమందిలో కూడా దానికి చోటు దొరకలేదు కదా అని నాలో నేనే నవ్వుకుంటూ ఆ కాజూ కత్లీ సగం నేనొక్కదాన్నే తినేశాను.

ఎంపీటీసీలని మా బాబాయి ఎన్నిక ముందు క్యాంపుకి తీసుకెళ్ళాడు. తిరుపతిలో దర్శనం చేయించి, హోటల్లో పెట్టి, ఓటింగ్ రోజున దింపాడు. నేను అంత దూరం ఆలోచించలేదు గానీ, టార్నీట్, వెర్రిబీ ఎలక్టర్లని భోజనానికి పిలిచాను. ఇల్లు సర్దాను, సైకిళ్ళు తీయించాను, గోంగూర మటన్ వండాను. సాయం చేస్తానని మా తోడికోడలు గుత్తివంకాయ చేసి తెచ్చింది. పాపం, దాని ప్రెసిడెంటుకి అది వడ్డిస్తోంది అనుకున్నాను. వెర్రిబీలో మందుల షాపున్న ఒకాయన గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకుని, "మా ఓటు ఈ ఇంటికేనండీ, మీరేం అనుమానం పెట్టుకోకండి" అన్నాడు. నేను సిగ్గుపడి పెరుగు తేవడానికి లోపలికి వెళ్ళాను.

తర్వాత వారం టార్నీట్ సభ్యుల మీటింగు. పోటీలో ఉన్నవాళ్ళ పేర్లు పెద్దాయన చదివారు. ఇద్దరే. ఒకరు పాయింట్ కుక్ డాక్టరుగారు, మా అందరికంటే ముందు ఈ దేశం వచ్చినాయన. రెండోది మా తోడికోడలు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. నోరు ఊరుకోదు కదా, నిండు సభలో లేచి, "అంకుల్, మరి నా పేరేది?" అని అడిగేశాను. పెద్దాయన కళ్ళజోడు తీసి, "నువ్వు ఎలక్టర్‌వి కదమ్మా. ఎలక్టర్ పోటీ చెయ్యకూడదు. నీ చేతిలో ఉన్నది ఓటు" అన్నారు, చాలా మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు. అయితే నన్ను తీసెయ్యండి అన్నాను. నియామకాలు మూడు ఏరియాల పెద్దలకీ తెలియజేశామమ్మా, మార్చడానికి లేదు అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ముందు వరసలో కూర్చున్న ఆంటీలు నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నారు. నన్ను నేనే తీసుకెళ్ళి ఓటేసే కుర్చీలో కట్టేసుకున్నాను. పైగా అంకుల్‌కి కాఫీ ఇచ్చి మరీ.

ఆ తర్వాత టార్నీట్ ఎవరి వైపు అని చేతులెత్తమన్నారు. మా తోడికోడలికి హాలు హాలంతా చేతులెత్తింది. నా చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగింది. అదీ లెక్కే అనుకోండి. ఎవరో కుర్రాడు "ఎలక్టర్లు ఆ గదిలోకి వెళ్ళాక మాట తప్పితే?" అని అడిగాడు. దానికి నిబంధనల్లో శిక్షేమీ లేదనీ, ఓటు రహస్యమనీ, ఇదంతా మర్యాద మీద నడిచే పద్ధతనీ పెద్దాయన చెప్పారు. అప్పుడు మాత్రం అందరూ నా వైపే చూశారు.

మీటింగు అయ్యాక తను నా వెనకాలే కారు దాకా వచ్చింది. "అక్కా, నువ్వే నిలబడతావనుకున్నా. ఎలక్టర్‌గా ఒప్పుకున్నావని అంకుల్ చెప్పాకే నేను సరేనన్నా. ఒట్టు. నీకు కష్టంగా ఉంటే చెప్పు, రేపే తప్పుకుంటా" అంది. అది నిజమే చెప్తోంది. దాని మొహంలో అబద్ధం వెతికి వెతికి దొరక్క నాకింకా మండింది.

"నువ్వు తప్పుకుంటే నేనే తప్పించానంటారు. ఆ పేరొకటి తక్కువైంది నాకు. నిలబడు" అన్నాను. ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆయన, "ఇద్దరూ మా ఇంటి కోడళ్ళే కదా, ఎవరైతే ఏంటి?" అన్నారు. రెండు రోజులు పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఆయనకీ విషయం అర్థమై మాట్లాడకుండా తిన్నారు.

అందరూ లెక్కలు వేసేశారు. పాయింట్ కుక్ మూడు ఓట్లూ డాక్టరుగారివి. మా టార్నీట్ మూడూ మా తోడికోడలివి. వెర్రిబీలో ఒకరు డాక్టరుగారి వైపు, ఇద్దరు మా వైపు. అంటే ఐదూ, నాలుగు. ఒక్క ఓటు అటు జరిగితే చాలు, తారుమారు. ఆ ఒక్క ఓటు ఎవరిదో ఎవరూ పైకి అనలేదు గానీ, గ్రోసరీ షాపులో కరివేపాకు ఏరుకుంటుంటే కూడా నన్ను పలకరించే తీరు మారిపోయింది. "ఆరోగ్యం జాగ్రత్తమ్మా" అన్నారొకావిడ. నాకేమైంది?

పాయింట్ కుక్ నుంచి ఒక ఆంటీ ఫోన్ చేశారు. "నీకు చాలా అన్యాయం జరిగిందమ్మా. చాకిరీ నీది, పేరు తనది. మా డాక్టరుగారికి మనుషుల విలువ తెలుసు. ఆయనొస్తే నిన్ను ఊరికే వదలరు" అన్నారు. నా మనసులో మాటని ఇంకొకరి నోట విని ఎన్నాళ్ళయిందో. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దండిగా చక్కెర కలిపిన టీలా దిగింది ఆ మాట. నేను "చూద్దాం ఆంటీ" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. కానీ ఆ "చూద్దాం" మర్నాటికల్లా పాయింట్ కుక్ నుంచి టార్నీట్ వచ్చేసింది, రైలుకంటే ముందే.

ఓటింగ్ ఆదివారం అర్వో, అంటే మధ్యాహ్నం పూట, పెట్టారు. హాల్లో సభ్యులంతా కూర్చుంటే, మా తొమ్మిదిమందినీ పక్కన చంటిపిల్లలు ఆడుకునే ప్లేగ్రూప్ గదిలోకి పంపారు. మోకాళ్ళెత్తు ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దపెద్ద మనుషులం ఒదిగి కూర్చున్నాం. నాకు అలవాటే, రోజూ కూర్చునేవే. పేరు రాస్తే చేతిరాత తెలిసిపోతుందని రెండు పేర్లూ అచ్చువేసిన కాగితాలిచ్చారు, ఎవరికి కావాలో వాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టాలి. బొమ్మల అలమర వెనక్కి ఒక్కొక్కరే వెళ్ళి, టిక్కు పెట్టి, మడిచి, బిస్కట్ డబ్బాలో వెయ్యాలి.

నా వంతు వచ్చింది. అలమర వెనక నిలబడ్డాను. కాగితం మీద దాని పేరు పైన ఉంది, డాక్టరుగారి పేరు కింద. ఎవరూ చూడరు. ఎవరికీ తెలీదు. ఇన్నేళ్ళ మంటా ఒక్క టిక్కుతో చల్లారిపోతుంది. పెన్ను కింది పేరు దగ్గరికి తీసుకెళ్ళాను కూడా. అక్కడే ఆపాను. అంతమంది ముందు చెయ్యెత్తాను కదా, చెవి దాకానైనా ఎత్తాను కదా అనిపించింది. ఇంకొకటీ అనిపించింది. అది ఓడిపోతే అయ్యో పాపం అంటారు, దాన్ని ఇంకా నెత్తిన పెట్టుకుంటారు. గెలిస్తే తెలిసొస్తుంది. వేళకాని వేళ ఫోన్లెత్తాలి, హాలు తాళాల కోసం తిరగాలి, సాంబారు చాల్లేదని మాటలు పడాలి. పడి పడి, ఒకనాడు నా దగ్గరికొచ్చి "అక్కా, ఇన్నాళ్ళూ ఎలా చేశావు?" అని అడగాలి. ఆ మాట దాని నోటి వెంట వినాలని నాకు ప్రాణం కొట్టుకుంది. దాని పేరు పక్కన టిక్కు పెట్టాను. చిన్నగా కాదు, గట్టిగా, కాగితం చిరిగేంత గట్టిగా. మడిచి డబ్బాలో వేసి, వచ్చి నా బుల్లి కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఉంది ఒళ్ళు.

అందరి ఓట్లూ పడ్డాక, నిబంధనలు రాసిన వెర్రిబీ అంకుల్ లోపలికొచ్చి కాగితాలు విప్పి చదివారు. చివరి కాగితం దాకా నాలుగూ నాలుగూ. చివరిది విప్పి, డాక్టరుగారి పేరు చదివారు.

ఎవరో ఒకరు అటు జరిగారు. ఎవరో నాకు ఈ రోజుకీ తెలీదు. మందుల షాపాయన నేల చూపులు చూస్తున్నాడు. మా టార్నీట్ ఎలక్టర్లలో ఒక కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. అంతమాత్రానికే ఎవర్నీ అనలేను. కానీ అటు జరిగిన ఆ ఒక్కరూ తప్ప ఆ గదిలో ఇంకెవరికీ ఏ అనుమానమూ లేదు. అందరికీ తెలిసిపోయింది. ఒకరి తర్వాత ఒకరు నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. నిబంధన ప్రకారం అంకుల్ ఆ కాగితాలన్నిటినీ మా కళ్ళముందే చించి, పసుపు మూత రీసైక్లింగ్ బిన్‌లో వేసేశారు. చించకండి, నాది చూడండి, చిరిగేలా టిక్కు పెట్టింది నేనే అని అరవాలనిపించింది. అరిస్తే మాత్రం నమ్ముతారా?

హాల్లోకి వచ్చేసరికి వార్త మాకంటే ముందే వచ్చింది. దాని చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, దాని చెయ్యి పట్టుకుని, "నేను నీకే వేశానే. నా పిల్లల మీద ఒట్టు, నీకే వేశాను" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పున మా ఇద్దరి వైపూ తిరిగారు.

అది నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "అక్కా, పిల్లల మీద ఒట్లెందుకు, వదిలెయ్. నేనేమీ మనసులో పెట్టుకోను. నీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో" అంది. కళ్ళల్లో నీళ్ళు, పెదవుల మీద నవ్వు. పక్కనున్న ఆంటీ పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఎంత మంచి మనసమ్మా నీది" అంది, దానితో. నేను మా ఆయన వైపు చూశాను. ఈ మనిషైనా నమ్ముతాడేమోనని. ఆయన నా దగ్గరికొచ్చి భుజం తట్టి, "సర్లే, అయిపోయిందేదో అయిపోయింది. ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నారు. ఓటు నాది పోయింది, మాటా నాది పోయింది, మంచిపేరు మాత్రం మళ్ళీ దానికే వెళ్ళింది. పదవి చేజారిన రోజున కూడా అది నాకంటే పైనే ఉంది.

అప్పుడే మైకులో డాక్టరుగారి గొంతు వినబడింది. అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుని, సంఘానికి ఏళ్ళ తరబడి సేవ చేసి, ఈ రోజు కూడా కుటుంబం కంటే సంఘమే ముఖ్యమనుకున్న ఒక సోదరిని వైస్ ప్రెసిడెంటుగా తీసుకుంటున్నానని ప్రకటించారు. నన్ను వేదిక మీదికి రమ్మన్నారు. పాయింట్ కుక్ ఆంటీ చేతిలో శాలువాతో సిద్ధంగా నిలబడి, నాకేసి తలూపుతోంది.

నేను కదల్లేదు. వెళితే నేనే అమ్ముడుపోయానన్నట్టు, వెళ్ళకపోతే తప్పు చేసి మొహం చాటేసినట్టు. హాల్లో ముందుగా చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? మా తోడికోడలే. అందరికంటే గట్టిగా కొట్టింది. కొడుతూనే నా వీపు మీద చెయ్యివేసి, "వెళ్ళక్కా, పిలుస్తున్నారు. ఇది నీకు రావలసిందే" అని నన్ను వేదిక వైపు తోసింది.

వెళ్ళాను. శాలువా కప్పించుకున్నాను. ఆ పదవిలో ఇప్పటికీ ఉన్నాను. దీపావళికి మా ఇంటికొచ్చినప్పుడు, దసరాకి మేం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, నలుగురూ ఉన్నచోట అది నా పక్కనే వచ్చి కూర్చుంటుంది, నా భుజం మీద చెయ్యి వేస్తుంది, నేను చెయ్యని తప్పుని ప్రతిసారీ మళ్ళీ క్షమిస్తుంది.